పిజ్జా అంగడిలో మర్యాద, అమర్యాద

(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

 

వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు మాటలాడవలసిన విషయములు కొన్ని ఏర్పడియున్నవి. పరీక్షాఫలితములు, క్రమశిక్షణ, దేశభక్తి, మాతృభాషాభిమానము మున్నగునవి. అవి యన్నియు ఈ సంవత్సరపు నివేదికలో ముద్రింపబడినవి. వానిని మరల చదివి మీ ఓర్పును పరీక్షింపదలచలేదు. ఈనాడు మేము ఎన్నుకొన్న విషయము పిజ్జా. ఈ మాట విన్నంతనే ముందు వరుసలలోని పిల్లలు చప్పట్లు కొట్టుచున్నారు. వెనుక వరుసలలోని పెద్దలు ముఖములు చిట్లించుచున్నారు. ఈ రెండును చూచిన పిమ్మట విషయము తగినదే యని మాకు తోచుచున్నది.

మన హోసూరునుండి బెంగుళూరు సుమారు 40 కిలోమీటర్లు. ఏటేటా పదవ తరగతి విద్యార్థులను అచ్చటికి తీసికొనిపోయి విశ్వేశ్వరయ్య మ్యూజియమును, నెహ్రూ ప్లానిటోరియమును, లాల్‌బాగు తోటను చూపుట మన పాఠశాల ఆచారము. సాయంకాలమగుసరికి పిల్లలు కోరు కోరిక ఒక్కటే. ఆ కారణమున గత కొన్ని సంవత్సరములలో మేమును, తోడి ఉపాధ్యాయులును ఆ నగరమునందును, మన ఊరియందును పలు పిజ్జా అంగళ్లలో కూర్చుండి తినుట తటస్థించినది. కొన్నిచోట్ల సంతోషముతో లేచితిమి. కొన్నిచోట్ల కడుపు నిండినను మనస్సు నొచ్చి లేచితిమి. ఆ మంచిచెడ్డలను మీ ముందుంచి, వానినుండి మనము నేర్చుకొనవలసిన దేమో కొంచెము విచారింపవలెనని మా ఉద్దేశము.

ముందుగా ఈ పదార్థము యొక్క పుట్టుపూర్వోత్తరములు. ఇటలీ దేశమున నేపుల్సు అను రేవు పట్టణము కలదు. పదునెనిమిదవ, పందొమ్మిదవ శతాబ్దములలో అచ్చటి కూలివాండ్రు, పడవవాండ్రు ఇరుకు గదులలో కాపురముండెడివారు. వంటకు చోటు లేదు, తీరికయు లేదు. అట్టివారు వీధిలో నిలుచుండి తిను రొట్టె పిజ్జా. అమ్మువాడు వారి చేతిలోని కాసుల కొలదిని ముక్క కోసి యిచ్చెడివాడు. ఆనాటి గొప్పవారికి అది తక్కువవారి తిండి. దానిపై పూయు టమోటా సైతము ఐరోపాకు పరాయిదే. కొలంబసు యాత్రల తరువాత, పదునారవ శతాబ్దములో, అది అమెరికా ఖండమునుండి అక్కడికి చేరినది. విషమేమో యని శంకించి చాలకాలము దానిని తినక, తోటలలో అందమునకు పెంచినవారు పలువురు. మన మిరపకాయయు అట్టిదే. అదియు అమెరికా ఖండపు పంటయే. పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చినది. నేడు మిరపకాయ లేని ఆంధ్రుల భోజనమును ఎవరైన ఊహింపగలరా?

1889లో ఇటలీ రాణి మార్గరీటా నేపుల్సునకు వచ్చినపుడు రఫాయెలె ఎస్పొసీతో అను వంటవాడు టమోటా, మొజరెల్లా చీజు, తులసి జాతి ఆకు వేసి, ఆ దేశపు జెండాలోని మూడు వన్నెలు తోచునట్లుగా ఒక పిజ్జా చేసి యిచ్చెననియు, ఆమె పేరే దానికి నిలిచిపోయెననియు ఒక కథ ప్రచారమున నున్నది. అందు చరిత్ర ఎంత, కల్పన ఎంత యని పండితులు నేటికిని వాదించుకొనుచున్నారు. వాదింపరానిది మరియొకటి కలదు. కూలి వెదకికొనుచు ఇటలీనుండి అమెరికాకు పోయిన బీదవారితోపాటు ఈ రొట్టెయు సముద్రము దాటినది. 1905 నాటికి న్యూయార్కు నగరమున లొంబార్డి యనువాని అంగడి దీనికి పేరుపొందినట్లు చెప్పుదురు. 1958లో కాన్సాసు రాష్ట్రమున ఇద్దరు అన్నదమ్ములు పిజ్జా హట్టును, 1960లో మిషిగను రాష్ట్రమున మరి యిద్దరు అన్నదమ్ములు తరువాత డామినోసు అని పేరుపొందిన సంస్థను ఆరంభించిరి. ఈ రెండును 1996లో మన దేశమున అడుగిడినవి. పిజ్జా హట్టు వారి మొదటి శాఖ మన పొరుగున నున్న బెంగుళూరులోనే తెరువబడినది. 2017లో నేపుల్సు పిజ్జా పనివారి నైపుణ్యమును యునెస్కో సంస్థ మానవజాతి సాంస్కృతిక వారసత్వముల పట్టికలో చేర్చినది.

ఇదంతయు చెప్పుటలో మా భావము సులభమే. పిజ్జా పేదవాని రొట్టె. ఊరు విడిచి పోయినవాని రొట్టె. రాగిసంగటి ఎట్టిదో, జొన్నరొట్టె ఎట్టిదో, అదియు అట్టిదే. దానిని చూచి పెద్దలు బెదరనక్కరలేదు. దానిని తిన్నందువలన పిల్లలు తాము గొప్పవారమైతిమని తలంపనక్కరయు లేదు.

ఇక మా అనుభవములు. మొదట మంచిని చెప్పెదము.

బెంగుళూరు దక్షిణపు అంచున ఒక చిన్న అంగడి. లోపల ఎనిమిది బల్లలు, ఒక మూల ఇటుకలతో కట్టిన కట్టెల బట్టీ. పిల్లలు ఇరువది నలుగురు, ఉపాధ్యాయులము నలుగురము. మా మాటలు విని బట్టీ యొద్దనున్న యువకుడు, "మీరు తెలుగువాళ్లా? రండి, ఎలా కాలుస్తామో చూపిస్తాను" అని పిలిచెను. అతడు ఒడిశా రాష్ట్రమున గంజాము జిల్లావాడట. బరంపురమున పెరిగి తెలుగు నేర్చినవాడు. ఐదుగురేసి చొప్పున పిల్లలను బట్టీకి దూరముగా నిలువబెట్టి పని చేయుచునే వివరించెను. మైదా పిండిని ముందునాడే కలిపి ఉంచవలెనట. అందులోని ఈస్టు పిండిని పులియబెట్టి వాయువును పుట్టించును. మైదాలోని గ్లూటెను అను సాగెడి పదార్థము ఆ వాయువును పట్టి యుంచుటచే రొట్టె పొంగును. పిండిముద్దను చేతులతోనే వత్తవలెను; అప్పడాల కర్రతో వత్తినచో అంచులోని గాలి పోయి రొట్టె బిగిసిపోవును. నేపుల్సు పద్ధతి బట్టీలో వేడి 430 మొదలు 480 డిగ్రీల సెల్సియసు వరకు ఉండును. ఒకటిన్నర నిమిషము లోపల రొట్టె కాలిపోవును.

అప్పుడు మన విద్యార్థి యొకడు అడిగిన ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. "అంత వేడిలో క్రింద కాలుతుంది సరే, పైన చీజు ఎలా కరుగుతుంది?" అని వాడడిగెను. మా భౌతికశాస్త్రోపాధ్యాయులు ఈ అవకాశమును జారవిడువలేదు. అడుగు రాతినుండి రొట్టెకు వేడి చేరుట ఉష్ణవహనము. గుమ్మటమువలె నున్న పైకప్పునుండి, మంటనుండి కిరణములుగా దిగుట ఉష్ణవికిరణము. లోపల తిరుగు వేడి గాలివలన కలుగునది ఉష్ణసంవహనము. పుస్తకములో మూడు బొమ్మలుగా చూచిన పాఠము ఒక్క బట్టీలో ఒక్కసారి కనబడినది.

అంతకంటె ముఖ్యమైనది తరువాత జరిగినది. తలకు సగము చొప్పున 8 అంగుళముల పిజ్జాలు పదునాలుగు తెప్పింపవలెనని మేము లెక్క వేసికొని చెప్పితిమి. చిన్నదాని వెల 260 రూపాయలు, 12 అంగుళముల పెద్దదాని వెల 450 రూపాయలు అని గోడమీద వ్రాసియుండెను. ఆ యువకుడు, "సార్, పెద్దవి ఏడు తీసుకోండి. మీకు డబ్బు తగ్గుతుంది, పిల్లలకు తిండి పెరుగుతుంది" అనెను. పిల్లలు వెంటనే కాగితములు తీసి వృత్తవైశాల్య సూత్రముతో లెక్క కట్టిరి. 8 అంగుళముల వ్యాసము గలదాని వైశాల్యము సుమారు 50 చదరపు అంగుళములు. 12 అంగుళములదానికి సుమారు 113. వ్యాసము ఒకటిన్నర రెట్లే. వైశాల్యము రెండుంబావు రెట్లు. పదునాలుగు చిన్నవి కలిసి సుమారు 704 చదరపు అంగుళములు, వెల 3640 రూపాయలు. ఏడు పెద్దవి కలిసి సుమారు 792 చదరపు అంగుళములు, వెల 3150 రూపాయలు. తన అంగడికి రావలసిన 490 రూపాయలను ఆ పనివాడు తన నోటితోనే తగ్గించెను. బిల్లులో గోడమీది వెలయు, దానిపై 5 శాతము పన్నును తప్ప మరేమియు లేదు. ఆ పిజ్జా రుచి ఇప్పుడు మాకు జ్ఞప్తికి లేదు. ఆ మాట మాత్రము జ్ఞప్తి యందున్నది.

ఇక చెడు అనుభవములు. ఇందు ఏ అంగడి పేరును చెప్పము. పేరుతో పని లేదు, తీరుతోనే పని.

ఒకచోట అద్దాల తలుపులు, చల్లని గాలి, మెరయు దీపములు. పదార్థముల పట్టికలోని బొమ్మలో చీజు తీగలు తీగలుగా సాగుచుండెను; పళ్లెములో వచ్చినది అట్టవలె నుండెను. ఉల్లిపాయ ముక్కలకు వేరు వెల, మొక్కజొన్న గింజలకు వేరు వెల. మంచినీళ్లు అడిగినచో సీసా నీళ్లే తెచ్చి పెట్టి, మారుమాటాడక మూతలు విప్పిరి. చివరకు బిల్లులో సేవారుసుము అని 10 శాతము కలిపిరి. మా గణితోపాధ్యాయులు దానిని గూర్చి అడుగగా, "అందరూ ఇస్తున్నారు" అని సమాధానము. అందరును ఇచ్చుచున్నారనుట న్యాయము కాదు. 2022 జూలై 4వ తేదీన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థవారు, భోజనశాలలు సేవారుసుమును తమంతట తాము బిల్లులో చేర్చరాదని మార్గదర్శక సూత్రములు ప్రకటించిరి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వానిని సమర్థించినది. సంతోషముతో ఇచ్చునది బహుమానము. అడుగక వసూలు చేయునది వేరు. మా గణితోపాధ్యాయులు గొంతు పెంచక, కదలక నిలుచుండగా అరగంటకు ఆ రుసుమును తీసివేసిరి. ఇట్టి సందర్భములలో ఫిర్యాదు చేయుటకు 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య కలదు. పిల్లలు దీనిని వ్రాసికొనవలెను.

మరియొకచోట శుద్ధ శాకాహారులైన మా తెలుగు పండితులు, శాకాహారపు రొట్టెను, మాంసము వేసిన రొట్టెను ఒకే చక్రపు కత్తితో కోయుట చూచి, వేరు కత్తి లేదా యని మెల్లగా నడిగిరి. వడ్డించువాడు భుజము లెగురవేసి పోయెను. వారు ఆ పూట వెలుపల బండిమీది అరటిపండ్లతో సరిపుచ్చుకొనిరి. వారి ప్రశ్న చాదస్తము కాదు. మన దేశమున శాకాహారమునకు ఆకుపచ్చ గుర్తు వేయవలెనని నియమమున్నది ఇట్టివారి నమ్మకమును గౌరవించుటకే. చీజు విషయము కూడ తెలిసికొనదగినదే. పాలను గడ్డకట్టించుటకు పూర్వము దూడ కడుపునుండి తీసిన రెన్నెట్టు అను పదార్థమును వాడెడివారు. నేడు సూక్ష్మజీవులనుండి తీసినది విరివిగా వాడుచున్నారు. తాను తినునది ఏమో తెలిసికొనగోరుట మనిషి హక్కు. ఆ ప్రశ్నకు మర్యాదగా సమాధానము చెప్పుట అన్నము పెట్టువాని విధి.

ఇప్పుడు చెప్పబోవునది మన ఊరిలోనే జరిగినది. జిల్లా విజ్ఞాన ప్రదర్శనలో మన పిల్లలకు బహుమతి వచ్చిన సాయంకాలము వారిని, వెంట వచ్చిన ఇంటివారిని తీసికొని ఒక అంగడికి పోయితిమి. బహుమతి పొందిన బాలికతో ఆమె తాతగారు వచ్చిరి. ఆయన రైతు. ముప్పది ఏండ్లుగా టమోటా పండించుచున్నారు. బల్లయొద్ద కూర్చుండి, పట్టికలోని ఎఱ్ఱని బొమ్మను చూచి, వడ్డించు యువకుని, "ఏమప్పా, దీని మీద పూసేది మా సీమ టమోటాలేనా?" అని అడిగిరి. ఆయన అడిగినది నిజముగా తెలిసికొనగోరియే. ఆ యువకుడు ఆయన వైపు చూడక, నవ్వి, బాలికతో ఇంగ్లీషులో ఏదో యనెను. ముసలివారికి ఇవి అర్థము కావని దాని భావము. ఆ బాలిక తల వంచుకొని, "తాతా, నువ్వు ఊరికే ఉండు" అనెను.

ఆ యువకుని నవ్వుకంటె ఈ మాట మమ్ములను ఎక్కువగా బాధించినది. పెద్దాయన కోపపడలేదు. "నాకు ఆకలి లేదమ్మా, మీరు తినండి" అని గోడవైపు చూచుచు కూర్చుండిరి.

అప్పుడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు తన చోటు విడిచి వచ్చి ఆయన ప్రక్కన కూర్చుండెను. పట్టికను ఆయన ముందు పరచి ఒక్కొక్క పంక్తిని తెలుగులో చెప్పసాగెను. "తాతా, ఇది మైదా రొట్టె. దీని మీద మీ టమోటా గుజ్జు. దాని పైన గడ్డకట్టించిన పాలు. ఇది క్యాప్సికం, పెద్ద మిరపకాయ అనుకో, కారం ఉండదు." వాడు అట్లు చదువుచుండగా బల్లచుట్టు నున్న మరి యిద్దరు ముగ్గురు తల్లులును మెల్లగా ముందుకు వంగి వినుట మేము గమనించితిమి. వారికిని ఆ పట్టిక అర్థము కాలేదు, అడుగుటకు సిగ్గుపడిరి. రొట్టె వచ్చిన తరువాత పెద్దాయన ఒక ముక్క నోట వేసికొని, కొంతసేపు నమలి, "ఉప్పు ఎక్కువైంది, పులుపు చాలదు. ఇది నాటు టమోటా కాదు, తోలు మందం రకం. బండికెక్కించడానికి మంచిది, నాలుకకు కాదు" అని తీర్పు చెప్పిరి. ఆ అంగడిలో ఆ పూట టమోటాను గూర్చి తెలిసినవారు ఆయన ఒక్కరే. బాలిక కొంతసేపటికి తన కుర్చీని తాత ప్రక్కకు జరుపుకొన్నది.

మేము బయలుదేరునపుడు ఆ వడ్డించు యువకుడు గల్లాపెట్టె ప్రక్కన నిలుచుండి ఫోనులో తన ఇంటివారితో మాటలాడుచుండెను. మాటలాడినది తెలుగే. అమ్మకు మందులు తెచ్చితివా యని తమ్ముని అడుగుచుండెను. మాకు అతనిపై కోపము పోయినది. అతనికి ఎవరో నాలుగు ఇంగ్లీషు వాక్యములు నేర్పి, తక్కిన భాషను వాకిటనే విడిచి రమ్మని చెప్పియుందురు. తన అమ్మతో మాటలాడు భాషను అంగడిలో పలుకుటకు అతడే సిగ్గుపడుచున్నాడు. తాను సిగ్గుపడువాడు ఎదుటివానిని సిగ్గుపరచుట సహజము.

సభాసదులారా, మేము చెప్పదలచినది ఇదియే. పిజ్జా అంగడియైనను, పూటకూళ్ల యిల్లైనను, పెండ్లిపందిరియైనను, తెలియనివానిని ఎట్లు చూచినదను దానినిబట్టి దాని మంచిచెడ్డలు తేలును. తెలిసినవానికి ఎవరైనను మర్యాద చేయుదురు. వెల తెలియనివానికి తగ్గించి చెప్పిన బరంపురపు యువకుడు ఒక విధము. తెలియదని నవ్వినవాడు మరియొక విధము. రొట్టె రెండుచోట్లను ఒక్కటే. పిండి, టమోటా, చీజు.

ఐనను తప్పంతయు వడ్డించువారిదే యనుట న్యాయము కాదు. తినువారికిని ధర్మములు కలవు. మన పిల్లలలో కొందరు నడుమ భాగము తిని అంచులను పళ్లెములలో విడిచిపెట్టుదురు. కారపు పొట్లములను జేబులలో నింపుకొనుదురు. బల్లలు తుడుచు వానిని "ఒరేయ్" అని పిలిచిన గొంతు నొకదానిని మేము విని, అక్కడికక్కడే మందలించితిమి. వడ్డించువాడు మనలను చిన్నచూపు చూచినచో నొచ్చుకొను మనము, బల్ల తుడుచువానిని చిన్నచూపు చూడవచ్చునా? ఇంటికి పిజ్జా తెచ్చు యువకుని సంగతియు ఇట్టిదే. అరగంటలో తెచ్చి యిచ్చెదమను హామీని అమెరికాలో ఒక పెద్ద సంస్థ చాలకాలము నడిపినది. త్వరపడుటవలన రోడ్డు ప్రమాదములు కలుగుచున్నవని అపవాదులు, వ్యాజ్యములు వచ్చుటచే 1993లో దానిని విరమించుకొన్నది. వాన కురియుచుండగా రెండు చక్రముల బండిపై వచ్చినవానిని అయిదు నిమిషముల ఆలస్యమునకు కసరువారు, ఆ అయిదు నిమిషముల వెల ఏమో ఒకసారి ఆలోచింపవలెను.

ఆరోగ్యమును గూర్చి రెండు మాటలు. మైదాలో తవుడు ఉండదు, పీచు మిక్కిలి తక్కువ. చీజులో మాంసకృత్తులు, సున్నము ఉన్నను, కొవ్వును ఉప్పును అధికము. కావున నిత్యభోజనమునకు ఇది తగదు. పండుగకు తిను పిండివంటవలె ఎప్పుడో ఒకసారి తినదగును. పది లేక అంతకు మించిన చోట్ల శాఖలు గల భోజనశాలలు ప్రతి పదార్థము ప్రక్కన దాని కేలరీల లెక్కను చూపవలెనని 2020 నాటి ఆహారభద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. అంగడిలో పదునాలుగు అంకెల ఆహారభద్రతా లైసెన్సు సంఖ్య కనబడునట్లు ఉండవలెను. బొమ్మను చూచుటకు ముందు ఈ అంకెలను చూచు అలవాటు చేసికొనుడు. నిషేధించినచో పిల్లలు దొంగచాటుగా తిందురు. చదువ నేర్పినచో తెలిసి తిందురు.

కడపట మన పాఠశాలను గూర్చి. మనము తమిళనాడులో తెలుగు మాధ్యమమున చదువు చెప్పుచున్నాము. మనవారిలో పలువురు ఎన్నో తరములుగా ఇచ్చటనే స్థిరపడినవారు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత మన పిల్లలు తమిళమును తప్పక చదువుచున్నారు. ఇంగ్లీషు ఉండనే యున్నది. బెంగుళూరు పోయి వచ్చుటచే కన్నడపు అక్షరములను గుర్తించువారును కలరు. మూడు నాలుగు లిపులు చదువగల పిల్లలు ఎన్ని పాఠశాలలలో నుందురు? ఐనను కొందరు తల్లిదండ్రులు మా గదికి వచ్చి, "అయ్యా, తెలుగులో చదివితే రేపు నలుగురిలో పిల్ల నోరు విప్పగలదా?" అని అడుగుచున్నారు. ఆ ప్రశ్న తేలికది కాదు. మేము దానిని కొట్టివేయము. ఇంగ్లీషు బాగుగా నేర్పవలసినదే. అందులో లోపము రానీయము. కాని ఆ సాయంకాలము ఆ బల్లయొద్ద నోరు విప్పినవాడు ఎవడు? పట్టికలోని ఇంగ్లీషును చదివి, తాతకు తెలుగులో చెప్పి, అంగడివానికి తమిళమున జవాబు చెప్పిన ఆ తొమ్మిదవ తరగతి బాలుడే. రెండు భాషలు వచ్చుటవలన వాడు ఇద్దరి నడుమ వంతెన కాగలిగెను. ఒక భాషకు సిగ్గుపడియుండినచో వాడును తల వంచుకొని తన రొట్టె తాను తినెడివాడు.

మేము కోరునది మూడు సంగతులు. మొదటిది, తెలియనిదానిని అడుగుటకు ఎన్నడును సిగ్గుపడకుడు. ఇందులో ఏమి వేసిరి, వెల ఎంత, ఈ రుసుము దేనికి అని ఏ భాషలో వచ్చిన ఆ భాషలో అడుగుడు. రెండవది, మీకు తెలిసి ప్రక్కవానికి తెలియనిదానిని అతని భాషలో చెప్పుడు. అడిగించుకొనక ముందే చెప్పుడు. మూడవది, మీలో కొందరు రేపు అంగళ్లు పెట్టుదురు, కొందరు కార్యాలయములలో బల్లకు ఆవల కూర్చుందురు, కొందరు ఆసుపత్రులలో పని చేయుదురు. అప్పుడు ఎదుట ఒక ముసలి రైతు వచ్చి తన మాటలో ఏదేని అడిగినచో, తల ఎత్తి, ఆయన ముఖము చూచి, సమాధానము చెప్పుడు.

వచ్చు సంవత్సరపు విహారయాత్రకు మా ఆలోచన యొకటి కలదు. ప్రతి విద్యార్థితోపాటు ఇంటినుండి ఒక పెద్ద, అవ్వగాని తాతగాని, వచ్చునట్లు రెండవ బస్సును ఏర్పాటు చేయవలెనని ఉపాధ్యాయులము నిశ్చయించితిమి. సంఘమువారు ఖర్చులో కొంత భరించినచో పని సులభమగును. పగలంతయు పిల్లలు పెద్దలకు మ్యూజియములోని యంత్రములను వివరించెదరు. సాయంకాలము ఏ అంగడిలో కూర్చుండవలెనో పెద్దలే నిర్ణయించెదరు. వారు ఇడ్లీ కావలెనన్నచో పిల్లలు గొణుగరాదు. ఇది ముందుగనే చెప్పుచున్నాము. వారు పిజ్జాయే కావలెనన్నచో, వారి ముందు పట్టిక పరచి చదివి వినిపించు భారము మీది.